మూగనోము పట్టిన ఫోను

పూర్వము ఉత్తరము కొరకు ఎదురుచూచుటలో ఒక ఓర్పు ఉండెడిది. తపాలా బంట్రోతు నేడు రాకున్న రేపు వచ్చునని జనులు గుండె దిటవు చేసికొనెడివారు. చేతికి ఫోను వచ్చిన తరువాత ఆ ఓర్పు మనలను విడిచిపోయినది. పిలిచిన మరుక్షణమే అవతలివారు పలుకవలెను. పలుకకున్న ఏదో కీడు మూడినదని మనసు గింజుకొనును. అట్టి ఫోను ఒక దినమున మా చేతిలోనే మూగనోము పట్టినది. ఆ ఒక్క దినము మాకు నేర్పిన పాఠము మేము తరగతి గదిలో చెప్పు పాఠముల కంటె పెద్దదని తోచుటచే, దానిని మా విద్యార్థుల ముందును, కళాశాల పాలక సంఘమువారి ముందును ఉంచుచున్నాము. ఇందులో కొంత శాస్త్రము ఉన్నది. కొంత మా తప్పు ఒప్పుకొనుటయు ఉన్నది.

అది 2024వ సంవత్సరపు రంజాన్ మాసము. ఉద్యోగరీత్యా మేము పట్టణములో గది అద్దెకు తీసికొని ఉంటిమి. అమ్మీ కర్నూలు జిల్లాలోని మా స్వగ్రామములో ఉన్నారు. నిద్రయందు మాకు గల ప్రీతి ఆమెకు మా చిన్ననాటినుండి తెలిసినదే. అందుచే రోజాల నెలలో ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు తన మీటల ఫోనునుండి పిలిచి, "లే బేటా, సెహ్రీ వేళయింది" అని మమ్ము లేపుట ఆమెకు అలవాటు. గడియారపు అలారము నోరు నొక్కి మరల పడుకొనవచ్చును. అమ్మీ నోరు నొక్కుట ఎవరి తరము? మేము లేచి, మొగము కడుగుకొని, పొయ్యి వెలిగించినామని చెప్పువరకు ఆమె ఫోను పెట్టెడివారు కారు.

ఒకనాటి పగలు కళాశాల వైఫై ద్వారా మా ఫోనులోనికి కొత్త సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దిగినది. రాత్రి వేళ దానంతట అదే స్థిరపడుటకు మేము ఎన్నడో సమ్మతి ఇచ్చియుంటిమి. ఆ ప్రకారము, చార్జింగులో పెట్టి మేము నిద్రించిన సమయమున, అది తన పని తాను చేసికొనిపోయినది. మాకు మెలకువ వచ్చునప్పటికి కిటికీలోనుండి ఫజ్ర్ అజాన్ వినవచ్చుచున్నది. సెహ్రీ గడువు తీరినది. ఫోను తెర మాత్రము పెండ్లికొడుకు వలె నిగనిగలాడుచున్నది. అక్షరములు కొత్త సొగసులు పోవుచున్నవి. అయితే పైమూలన గీతలు నిలువవలసిన చోట ఏమియు లేదు. "సేవ లేదు" అను రెండు మాటలు మాత్రము ఉన్నవి.

నోట చుక్క నీరైనను పోసికొనక నియ్యత్ చెప్పుకొన్నాము. ఆకలిదప్పుల సంగతి మాకు పెద్దగా తోచలేదు. నాలుగు గంటలనుండి అమ్మీ ఎన్నిసార్లు పిలిచియుందురో, పిలిచిన ప్రతిసారియు ఆ యంత్రకంఠము "అందుబాటులో లేరు" అని ఎంత నిర్దయగా చెప్పియుండునో అను తలంపే మమ్ము కలచివేసినది. మరియొకరి ఫోను అడుగుదమన్న, ఆమె నంబరు మాకు నోటికి రాదు. ఇరువది సంవత్సరముల క్రిందట బంధువులందరి నంబర్లు నోట పలికిన మేము, కన్నతల్లి నంబరును ఒక పేరు మాటున దాచి మరచితిమి. మా ఫోనులో వెదకి, ఆ నంబరును కాగితము మీద వ్రాసికొని, ఇంటి యజమానుని తలుపు తట్టితిమి. వారు ఊరికి పోయియున్నారు.

తొమ్మిది గంటలకు దుకాణములు తెరచినంతనే బజారులోని ఒక మరమ్మతు దుకాణమునకు పోయినాము. అందలి యువకుడు ఫోనును అటు త్రిప్పి ఇటు త్రిప్పి, అర నిమిషములో తీర్పు చెప్పినాడు: "బోర్డు పోయింది సార్. నాలుగు వేలు అవుతుంది. లేకుంటే మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించి చూద్దాం." తుడిచివేసిన లోపలనున్నవి ఏమగునని అడిగినాము. "అన్నీ పోతాయి సార్, ఏముంటాయి లోపల? ఫొటోలేగా" అన్నాడు. ఉన్నవి ఫొటోలే కావు. మూడు సంవత్సరముల పాఠముల కుదింపులున్నవి. కీర్తిశేషులైన మా తండ్రిగారు ఒక పండుగనాడు మా చెల్లెలి బిడ్డతో ఆడుచు మాటలాడిన మూడు నిమిషముల శబ్దమున్నది. దానికి రెండవ ప్రతి లేదు. ఎలుక మీది కోపముతో ఇంటికి నిప్పు పెట్టినట్లు, గీతలు కనబడలేదని ఇల్లంతయు తుడిచివేయుటయా? చేయి చాచి ఫోనును వెనుకకు తీసికొని కళాశాలకు పోయినాము.

అధ్యాపకుల గదిలో భౌతికశాస్త్రము బోధించు మా పెద్ద సహాధ్యాపకులు కూర్చుండియున్నారు. మా మొగము చూచి విషయమడిగి, అంతయు విని, వారు ఒకే మాట అన్నారు: "మాస్టారూ, రోగమేదో తెలియక ముందే మందు మింగవద్దు. ముందు మీ సిమ్ తీసి నా ఫోనులో వేయండి." వారి ఫోనులో రెండవ సిమ్ చోటు ఖాళీగా ఉన్నది. సూదితో తట్టను వెలికి తీసి, మా సిమ్మును అందులో అమర్చినాము. ఆ సిమ్ ఎంత ఉండును? 12.3 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు, గోరంత. దానిని పెట్టిన నిమిషమునకు గీతలు నిండినవి. మరు నిమిషమునకు ఫోను మ్రోగినది. అమ్మీయే.

ఆమె మొదటి మాట "ఎక్కడున్నావు" అని కాదు, "ఏమైంది" అని కాదు. "బేటా, సెహ్రీ చేశావా?" అని. అబద్ధమాడలేక, చేయలేదని చెప్పినాము. కొంతసేపు ఆమె మాటలాడలేదు. తరువాత, "నీ ఫోను పలకకపోతే నాకూ ముద్ద దిగలేదు రా" అన్నారు. ఆ దినమున తల్లియు కొడుకును, నూరు మైళ్ల ఎడములో, సెహ్రీ లేని రోజా పాటించినాము. ఆ అర్ధరాత్రి మా గదిలో జరిగిన మార్పు ఎవరికి తెలియును? ఆకలి మాత్రము రెండు ఇండ్లలో తెలిసినది.

ఇంతవరకు ఇది మా కష్టము. ఇక మా తప్పు చెప్పవలెను.

ఫోను పెట్టివేసిన పిదప మేము ఆ గోరంత సిమ్మును చూచుచు కూర్చుంటిమి. మాకు ఒక విద్యార్థి జ్ఞాపకము వచ్చినాడు. 2023 డిసెంబరులో, బి.కాం. రెండవ సంవత్సరపు పిల్లవాడొకడు విద్యార్థి వేతనపు దరఖాస్తు గడువు దాటిన మరునాడు మా యొద్దకు వచ్చినాడు. అప్పుడు ఆ దరఖాస్తులు చూచు బాధ్యత మాది. దరఖాస్తు పూర్తి కావలెనన్న ఆధారులో నమోదైన నంబరునకు ఓటీపీ రావలెను. ఆ నంబరు వాని తండ్రిది. "సార్, నాయన ఫోను అప్‌డేట్ అయినప్పటినుండి సిగ్నల్ లేదు సార్. ఓటీపీ రాలేదు" అన్నాడు. మేము నవ్వినాము. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, నెల దినముల గడువు ఉండగా చివరిదినము వరకు ఆగి, ఇప్పుడు ఫోనుమీద నెపము పెట్టుచున్నావా అని నలుగురు వినుచుండగా అన్నాము. అప్‌డేట్ అయిన ఫోను బాగుపడునుగాని చెడునా అని కూడ అన్నాము. వాడు తల వంచుకొని పోయినాడు. ఆలస్యమునకు కారణము చెప్పుచు పైవారికి వ్రాయవలసిన లేఖపై మేము సంతకము చేయలేదు.

"సిమ్ తీసి వేరొక ఫోనులో వేయుము" అను ఒక్క మాట వాని గడువునకు ఒక దినము ముందు ఎవరైన చెప్పియుండిన, రెండు నిమిషములలో ఓటీపీ వచ్చియుండెడిది. ఆ మాట మాకు తెలియదు. తెలియనివాడు వినవలెను గదా! మేము వినలేదు. అనుమానములకు దూరముగా మెలగవలెనని ఖురాన్‌లోని సూరా హుజురాత్ బోధించుచున్నదని మా తండ్రిగారు బాల్యములోనే మాకు చెప్పిరి. చదివిన చదువు ఒకటి, నడచిన నడత ఒకటి అయినది.

ఇప్పుడు మా సహాధ్యాపకులు బోధించిన శాస్త్రమును మా విద్యార్థుల కొరకు వ్రాయుదుము. ఇంకొకరికి ఇట్టి దినము వచ్చినప్పుడు ఇది పనికి వచ్చును.

ఫోనులో మెదడు ఒకటే అని మనము అనుకొందుము. నిజమునకు రెండు ఉన్నవి. ఒకటి తెరను, బొమ్మలను, మన ఆటపాటలను నడుపునది. రెండవది మాడెమ్, టవరుతో మాటలాడుట దాని పని. దానికి తనదియైన వేరు కార్యక్రమము ఉన్నది. అప్‌డేట్ వచ్చినప్పుడు తెర సొగసులు మాత్రమే మారునని మనము భ్రమపడుదుము. అనేక పర్యాయములు మాడెమ్ కార్యక్రమము కూడ మారును. కొత్త కార్యక్రమమునకు పాత అమరికలు పొసగనప్పుడు తెర వెలుగుచునే ఉండును, నోరు మాత్రము పడిపోవును. వైఫై దారి వేరు కనుక, అది ఉన్నచోట సందేశములు వచ్చుచునే ఉండును. దానిని చూచి ఫోను బాగున్నదని మోసపోవువారు కలరు.

మరి సిమ్ చేయు పని ఏమి? అది మన కళాశాల గుర్తింపు చీటి వంటిది. ఫోను మన జేబులో నిద్రించునట్లున్నను, చుట్టుపట్ల టవర్లు చేయు ప్రకటనలను మాడెమ్ వినుచునే ఉండును. తన సంస్థ టవరును గుర్తించినంతనే పోయి పేరు నమోదు చేసికొనును. అప్పుడు సంస్థవారు ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపుదురు. సిమ్ తనలో దాచియున్న రహస్యపు తాళముతో లెక్క కట్టి జవాబు చెప్పును. జవాబు సరియైన లోనికి రానిత్తురు. రహస్యము మాత్రము గాలిలోనికి ఎన్నడును వెలువడదు. ఇంతటి మర్యాద గల సంభాషణ గోరంత ముక్కలో జరుగుచున్నదని తెలిసిన పిదప దానిపై మాకు గౌరవము కలిగినది.

అందుచే సంకేతము లేదన్నప్పుడు దోషము నాలుగు చోట్లలో ఒక చోట ఉండవలెను: టవరు, సంస్థలో మన ఖాతా, సిమ్, ఫోను. మా సహాధ్యాపకుల పద్ధతి ఒకదాని వెంట ఒకటి తొలగించుట. మా సిమ్ వారి ఫోనులో పలికినది. కనుక టవరు, ఖాతా, సిమ్ మూడును నిర్దోషులు. వెంటనే వారి సిమ్మును మా ఫోనులో వేసినారు. పలుకలేదు. కనుక దోషము మా ఫోనులోనే. రెండు మార్పులతో నాలుగు అనుమానములు ఒకటిగా మిగిలినవి. ఏ న్యాయస్థానములోనైనను ఇంత త్వరగా విచారణ జరుగునా?

తెర మీది మాటలను కూడ చదువ నేర్చుకొనవలెనని వారన్నారు. "సిమ్ లేదు" అని వచ్చిన, తట్ట సరిగా కూర్చున్నదో లేదో, బంగారు పూతపై దుమ్ము పట్టినదో చూడవలెను. "అత్యవసర కాల్స్ మాత్రమే" అని వచ్చిన, ఫోను ఏదో ఒక టవరును వినుచున్నది గాని సేవకు దానిని లోనికి రానిచ్చుటలేదని అర్థము. అట్టి స్థితిలోను 112 నంబరునకు పిలుపు పోవును. "సేవ లేదు" అని వచ్చిన, ఏ టవరు మాటయు దానికి అందుటలేదన్నమాట. తెలియక పిన్ సంఖ్యను మూడు మార్లు తప్పుగా కొట్టిన సిమ్ తాళము పడును. దానిని తెరచు పీయూకే సంఖ్యను సంస్థవారు ఇత్తురు. దానిని కూడ పది మార్లు తప్పిన ఆ సిమ్ ఇక పనికిరాదు. తొందరపాటునకు శాస్త్రజ్ఞులు విధించిన శిక్ష అది.

తరువాత మా ఫోనుకు చికిత్స మొదలైనది. మొదట విమానపు గుర్తును నొక్కి, అర నిమిషమాగి, మరల తీసినాము; మాడెమ్ మరల మొదటినుండి టవర్లను వెదకునట్లు చేయు ఉపాయమది. ఫలము లేదు. ఫోనును పూర్తిగా ఆర్పి వెలిగించినాము. ఫలము లేదు. పిదప నక్షత్రము, కంచె, సున్న, ఆరు, కంచె అను గుర్తులను కొట్టినాము. తెరపై 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య వచ్చినది. మాడెమ్‌కు గల జన్మనామమది. అది పెట్టె మీది సంఖ్యతో సరిపోయినది. "బ్రతికినాము, పేరు మరచిపోలేదు" అన్నారు వారు. ఒకవేళ ఆ చోటు ఖాళీగా ఉండినను, సున్నలు కనబడినను, మాడెమ్ తన ఉనికినే కోల్పోయినదని అర్థము. అప్పుడు అధికృత సేవా కేంద్రమునకే పోవలెను. బజారులో ఏదో ఒక సంఖ్యను ఎక్కించుకొనుట నేరము.

తరువాత అమరికలలోనికి పోయి సంస్థ ఎంపిక "స్వయంచాలకము"గా ఉన్నదో లేదో చూచినాము, ఉన్నది. 5జీ, 4జీ, 3జీ, 2జీలలో దేనిని ఎన్నుకొన్నదో చూచినాము, సరిగానే ఉన్నది. ఈ చివరిది చిన్న విషయము కాదు. మన దేశమున 5జీ సేవలు 2022 అక్టోబరు 1న ప్రారంభమైనవి. నేటికిని అది లేని పల్లెలు ఉన్నవి. 2జీ, 3జీలు లేని సంస్థయు ఉన్నది. అందుచే ఒకే తరము మీద ముడి వేసిన ఫోను, ఆ తరపు టవరు లేనిచోట మూగదే. మాటల పిలుపులు 4జీ మీద పోవుటకు వోల్టీ అను మీటయు తెరచియుండవలెను.

చివరకు మిగిలినది నెట్‌వర్కు అమరికల పునరుద్ధరణ. ఇది ఫోనులోని ఫొటోలను గాని, శబ్దములను గాని ముట్టదు. వైఫై సంకేతపదములు, బ్లూటూత్ జోడింపులు, డేటా అమరికలు మాత్రము తుడిచివేసి, మాడెమ్‌కు కొత్త పలక చేతికిచ్చును. మా తండ్రిగారి కంఠము క్షేమమని రెండుమార్లు అడిగి నిశ్చయము చేసికొని, మీట నొక్కినాము. ఫోను ఆరి వెలిగినది. ఒక గీత, రెండు గీతలు, నాలుగు గీతలు. ఖర్చు సున్న. పోయినవి రెండు వైఫై సంకేతపదములు. నాలుగు వేల రూపాయల బోర్డు ఎక్కడ, ఈ మీట ఎక్కడ!

ఇట్లును బాగుపడని ఫోనులు ఉన్నవి. అప్‌డేట్‌లోనే దోషమున్నప్పుడు, దానిని సవరించు తరువాతి అప్‌డేట్ వచ్చువరకు వేచియుండవలసినదే. ఇది పేదవాని ఫోనుకే పట్టు పీడ కాదు. 2014 సెప్టెంబరు 24న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 8.0.1 అను అప్‌డేట్‌ను విడుదల చేసినది. దానిని ఎక్కించుకొన్న ఐఫోన్ 6, 6 ప్లస్ ఫోనులలో అనేకము సంకేతమును కోల్పోయినవి. వ్రేలిముద్రను గుర్తించుట కూడ మానినవి. గంటకు అటునిటుగా ఆ సంస్థ దానిని ఉపసంహరించుకొని, మరునాడు 8.0.2ను విడుదల చేసినది. దెబ్బతిన్న ఫోనులు 40,000కు లోపే అని చెప్పి క్షమాపణ కోరినది. ప్రపంచమున పేరెన్నికగన్న సంస్థకు కూడ ఇట్టి పొరపాటు జరిగినది. అప్‌డేట్ అయిన ఫోను చెడునా అని మేము ఆ పిల్లవానితో అన్న మాట ఎంత అజ్ఞానమో ఇది చదివిన తరువాత తెలిసినది.

అట్లని అప్‌డేట్లే వద్దనుట అవివేకము. దొంగలు చొరబడు కంతలను పూడ్చునవి అవియే. చేయదగినది వేళ చూచుకొనుట. పరీక్ష ముందురాత్రి, దరఖాస్తు గడువు దినమున, ప్రయాణపు వేళ వానిని ఎక్కించరాదు. ఎక్కించుటకు ముందు ముఖ్యమైనవానికి రెండవ ప్రతి తీసికొనవలెను. మేము ఆ సాయంకాలమే, ఇఫ్తారునకు ముందు, మా తండ్రిగారి మూడు నిమిషములను మరి మూడు చోట్ల దాచినాము.

1973 ఏప్రిల్ 3న మార్టిన్ కూపర్ న్యూయార్కు వీధిలో నిలువబడి చేతి ఫోనులో మాటలాడినాడు. 1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖ్‌రామ్‌తో మన దేశపు మొదటి మొబైల్ మాట మాటలాడినాడు. ఆనాడది వింత. నేడు విద్యార్థి వేతనము, బ్యాంకు, రేషను, పరీక్ష రుసుము అన్నియు ఆ గీతలకే వ్రేలాడుచున్నవి. వింత వస్తువు అవసరమైనప్పుడు, అది లేనివానిని దోషిగా చూచుట సులభమగుచున్నది. మేము చేసినది అదియే.

మరునాడు ఆ విద్యార్థిని పిలిపించినాము. వానిని అవమానించినది నలుగురి ఎదుట కనుక, క్షమాపణయు నలుగురి ఎదుటనే చెప్పుట న్యాయమని తోచి, తరగతిలోనే చెప్పినాము. మా ఫోను సంగతి చెప్పి, నీ మాట నమ్మకపోవుట మా తప్పు అన్నాము. వాడు తికమకపడి నిలుచున్నాడు. కొంతసేపటికి, "ఆ ఫోను బోర్డు పోయిందన్నారు సార్. నాయన ఎనిమిది వందలకు షాపులోనే ఇచ్చేసినాడు" అన్నాడు. తరువాత, "మీ ఫోను బాగైందా సార్?" అని అడిగినాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట మాకు ఆ దినమునకెల్ల కష్టమైన పని అయినది.

ఆలస్యమునకు కారణము చెప్పుచు ఆనాడు వ్రాయని లేఖను ఆ దినమున వ్రాసి సంతకము చేసి పంపినాము. గడువు దాటి మూడు నెలలైనది. ఆ సంవత్సరపు వేతనము వానికి తిరిగి రాలేదు. పాలక సంఘమువారు దయతో రుసుమును వాయిదాలలో కట్టుటకు అనుమతించినారు. వాడు చదువు మానలేదు. అంతమాత్రము చేత మా బాకీ తీరినదని మేము అనుకొనుటలేదు.

కావున పాలక సంఘమువారికి మా విన్నపములు మూడు. కార్యాలయములో ఒక సాధారణ ఫోనును అందరికొరకు ఉంచవలెను. ఫోను చెడిన విద్యార్థి తన సిమ్మును తానే అందులో వేసికొని, ఓటీపీ చూచుకొని, సందేశమును తుడిచి, సిమ్మును తీసికొనిపోవును. ఓటీపీని గుమాస్తాకు గాని, మాకు గాని చెప్పనక్కరలేదు, చెప్పరాదు. రెండవది, ప్రభుత్వపు గడువునకు పది దినముల ముందే కళాశాల తన గడువును పెట్టవలెను. సిమ్ పోయి కొత్తది తీసికొన్నచో, అది పనిచేయనారంభించిన పిదప మొదటి 24 గంటలు సందేశముల సౌకర్యమును నిలిపియుంచు నిబంధన ఉన్నది. చివరిదినమున సిమ్ మార్చినవానికి ఓటీపీ రాదు. మూడవది, ఆలస్యమైన విద్యార్థి చెప్పు కారణమును కాగితము మీద వ్రాయించుకొని, విచారించిన తరువాతనే కాదనవలెను. ఈ మూడవ దానికి ఖర్చు ఏమియు లేదు.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! మీకు మా విన్నపము ఒక్కటే. తల్లిదండ్రుల నంబర్లు రెండు నోటికి పట్టుకొనుడు. ఫోను మూగవోయినప్పుడు బెదరక, పెద్ద మందుకు పోక, చిన్నదానినుండి మొదలుపెట్టుడు: విమానపు గుర్తు, ఆర్పి వెలిగించుట, సిమ్ మార్చి చూచుట, జన్మసంఖ్య, అమరికలు, వాని పునరుద్ధరణ. మొత్తము తుడిచివేయుట చిట్టచివరి మాట. ఈ వరుస మనుష్యుల విషయములోను పనికి వచ్చును. ఒకడు పలుకనప్పుడు వానిలో దోషమున్నదని తీర్పు చెప్పుటకు ముందు, మన చెవిలో దోషమేమైన ఉన్నదా అని చూచుకొనుట మంచిది.

మరుసటి తెల్లవారుజామున నాలుగు గంటలకు ఫోను మ్రోగినది. "లే బేటా" అన్నది ఆ కంఠము. మేము అప్పటికే లేచి కూర్చుంటిమి. అయినను నిద్రలోనుండి లేచినట్లు గొంతు మార్చి పలికినాము. ఆమె లేపిన సంతోషమును ఆమెకే ఉండనిచ్చుట ధర్మమనిపించినది. మా ఈ చిన్న అనుభవము చదువరులలో ఒకరికైనను ఉపకరించిన, మా శ్రమ ఫలించినట్లే.